డాబా మీద డ్రాయింగ్ క్లాసు: రేకులా, పఫ్ ప్యానెలా, స్లాబా?

డాబా మీద ఒక గది వేసుకుని బొమ్మలు వేసుకుందాం, నలుగురు పిల్లలకు నేర్పిద్దాం అనుకోగానే చాలామంది చేసే మొదటి పని షెడ్లు వేసేవాళ్లకు ఫోన్ చేసి "అడుగుకి ఎంత పడుతుంది?" అని అడగడం. అక్కడితో సగం నిర్ణయం అయిపోతుంది. అతను రేకుల రేటు చెబుతాడు, మనం బేరమాడతాం, వారం తిరిగేలోపు షెడ్డు లేస్తుంది. మే నెల రాగానే తెలుస్తుంది, మధ్యాహ్నం లోపల కూర్చోలేమని.

రేటు కంటే ముందు తేల్చుకోవాల్సింది మీ క్లాసు టైము. మన ఊళ్లలో ఇంటి దగ్గర నడిచే డ్రాయింగ్ క్లాసులు దాదాపు మూడు రకాలు. స్కూలు వదిలాక సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా జరిగేవి ఒక రకం. ఆదివారం పొద్దున జరిగేవి ఇంకో రకం. మూడోది ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం దాకా నడిచే సమ్మర్ క్యాంపు. ఎక్కువమంది పిల్లలు వచ్చేదీ, నాలుగు డబ్బులు కనిపించేదీ ఈ మూడోదానిలోనే. అంటే డాబా మంటెత్తిపోయే రోజుల్లోనే మీ గది నిండుగా ఉండాలి. ఈ మూడింటికీ ఒకే పైకప్పు సరిపోదు. ఎందుకో కింద చెబుతాను.

హైదరాబాద్‌లో మల్కాజిగిరి, ఎల్‌బీనగర్ లాంటి చోట్ల 150, 200 గజాల్లో కట్టిన ఇళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. కింద ఒక పోర్షను, పైన ఒక పోర్షను, ఆ పైన ఖాళీ డాబా, ఒక మూల మెట్ల గది, నైరుతిలో నీళ్ల ట్యాంకు. విజయవాడ, విశాఖ వాళ్లకు తేడా ఉన్నచోట విడిగా చెబుతాను. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు మాత్రం ముందే ఒక మాట. టెర్రస్ మీ ఒక్కరిదీ కాదు. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం టెర్రస్‌లను ఉమ్మడి స్థలాల్లో చేర్చింది. పై అంతస్తు ఫ్లాటు మీదే అయినా, అసోసియేషన్ ప్రెసిడెంటు మీ బావమరిదే అయినా, అక్కడ గది వేయాలనుకోవడం తలనొప్పిని ఇంటికి పిలుచుకోవడమే. మీకు పనికొచ్చే సలహా అద్దెకు ఒక డాబా ఇల్లు చూసుకోమని.

కింది స్లాబ్ ఎంత మోస్తుంది?

పైకప్పు సంగతి మాట్లాడేముందు కాళ్ల కింద ఉన్నదాని సంగతి చూద్దాం. మన దేశంలో ఇంజినీర్లు లెక్క కట్టే ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం. మనుషులు ఎక్కి తిరిగే డాబాకు చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువు, ఇంట్లో గదికి 200 కిలోలు, తరగతి గదికి 300 కిలోలు పట్టుకోవాలని అందులో ఉంటుంది. అంటే డాబాగా కట్టినదాన్ని క్లాసురూముగా మార్చడమంటే దాని మీద ఆశించే బరువును రెట్టింపు చేయడమే. పైన ఇంకో అంతస్తు వేసే ఉద్దేశంతో కట్టి ఉంటే ఫర్వాలేదు, చాలా ఇళ్లు అలాగే కడతారు. "పైన ఇంకో ఫ్లోర్ వేసుకోవచ్చు సార్" అని మేస్త్రీ నోటిమాటగా చెప్పిన ఇళ్లు కూడా అంతే ఉన్నాయి. పిల్లర్ల మీద చువ్వలు బయటికి వదిలి ఉన్నంత మాత్రాన పునాది ఇంకో అంతస్తుకు సరిపడా ఉందని కాదు. పాత ప్లాన్ కాగితాలు వెతికి స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించండి. మొత్తం పనిలో అతని ఫీజు చిన్నదే.

ఇప్పుడు బరువులు చూడండి. 15 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు గది అనుకుందాం. ఐదంగుళాల ఆర్‌సీసీ స్లాబ్ వేస్తే ఒక్క పైకప్పే దాదాపు తొమ్మిది టన్నులు. అదే కొలతకు ఇనుప ఫ్రేము, పఫ్ ప్యానెల్ (రెండు రేకుల మధ్య ఫోమ్ నింపిన పలక) కలిపి ఒక టన్నుకు అటూ ఇటూ. బెంగుళూరు పెంకు అయితే రెండు టన్నుల దాకా. గోడల బరువు ఇంకా ఎక్కువ. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడను తొమ్మిది అడుగుల ఎత్తు కట్టి రెండువైపులా ప్లాస్టరింగ్ చేస్తే, పొడవులో అడుగుకు 200 కిలోలు దాటుతుంది. చుట్టూ 70 అడుగుల గోడ అంటే పది టన్నులు దాటి ఎక్కడికో పోతుంది. నాలుగంగుళాల తెల్ల ఇటుకలు, అంటే ఏఏసీ బ్లాకులు వాడితే అందులో సగం కూడా ఉండదు. అందుకే పైకప్పు ఏదైనా సరే, గోడలు మాత్రం ఎర్ర ఇటుకతో వద్దనేది నా మాట. ఏఏసీ బ్లాకులు పెట్టండి, లేదా ఇనుప ఫ్రేముకు రెండువైపులా ఫైబర్ సిమెంట్ బోర్డు బిగించండి.

ఏఏసీ గోడకు ఒక చిక్కుంది. మామూలు మేకు పట్టదు, రెండు రోజులకే ఊడి వస్తుంది. పిల్లల బొమ్మలు తగిలించడానికి ఒక గోడ నిండా చెక్క పట్టీలో, సాఫ్ట్ బోర్డో ముందే బిగించుకుంటే ఆ గొడవ ఉండదు.

ఇంకొకటి: ఇనుప స్తంభాలు స్లాబ్ మధ్యలో నిలబెట్టకూడదు. కింద పిల్లరు, దూలం ఉన్న గీత మీదే నిలబెట్టాలి. షెడ్డు వేసేవాళ్లు తమ పైపుల పొడవు చూసుకుని ఎక్కడ పడితే అక్కడ బేస్ ప్లేటు పెట్టి డ్రిల్లు చేస్తారు. బరువు స్లాబ్ మీద పడుతుంది, ఆ కన్నాల్లోంచి నీళ్లు కింది పోర్షను సీలింగులోకి దిగుతాయి. డ్రిల్లు చేసే రోజు మీరు పక్కనే ఉండండి.

పైకప్పులు, ఒక్కొక్కటి

అన్నిటికంటే చవక సింగిల్ రేకు. రంగు వేసిన ఇనుప రేకులు. బరువు లేదు, పని త్వరగా అవుతుంది, పదేళ్లు ఢోకా లేదు. వేడి మాత్రం పదకొండింటికల్లా మొదలవుతుంది. ఇంకో ఇబ్బంది వేసవిలో కనిపించదు, జులైలో వినిపిస్తుంది. జడివాన పడితే రేకుల కింద మీరు చెప్పేది ముందు వరసలో పిల్లలకు కూడా వినపడదు. ఒంటరిగా బొమ్మ వేసుకునే మనిషికి వాన చప్పుడు హాయిగానే ఉంటుందేమో. టీచరుకు మాత్రం గొంతు పోతుంది. రేకు కింద అల్యూమినియం పొర ఉన్న ఫోమ్ షీటు, దాని కింద ఒక అడుగు ఖాళీ వదిలి ఫాల్స్ సీలింగ్, ఆ ఖాళీలోంచి వేడి గాలి బయటికి పోయేలా పైన గాలికి తిరిగే వెంటిలేటరు పెడితే చాలావరకు భరించేలా అవుతుంది. అయితే ఇవన్నీ కలిపాక ఖర్చు పఫ్ ప్యానెల్ దగ్గరికి వచ్చేస్తుంది. అప్పుడు నేరుగా అదే వేసుకోవచ్చు కదా అనిపిస్తుంది.

సిమెంటు రేకులు ఇనుము కంటే కాస్త ఆలస్యంగా వేడెక్కుతాయి, చప్పుడూ తక్కువే. కానీ మన దగ్గర దొరికే వాటిలో చాలావాటిలో ఇంకా ఆస్బెస్టాస్ ఉంటుంది. కొత్త రేకు కదల్చకుండా ఉంచితే భయం తక్కువ. కోసినప్పుడు, కన్నాలు పెట్టినప్పుడు, పాతబడి పొట్టు రాలినప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. పిల్లలు వారంలో నాలుగు రోజులు వచ్చి కూర్చునే గదికి నేను వేయను. ఆస్బెస్టాస్ లేని రకం కూడా వస్తోంది. షాపులో అడిగి, రేకు మీద ముద్ర చూసి తీసుకోండి.

పఫ్ ప్యానెల్ అంటే రెండు పలుచని రేకుల మధ్య పాలీయురెథేన్ ఫోమ్. 50 మిల్లీమీటర్ల మందంది ఇంటి పనికి సరిపోతుంది. వేడి చాలా తగ్గుతుంది, వాన మోత కూడా తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఏసీ పెట్టుకునే ఆలోచన ఉంటే చవకలో అది నిలబడే గది ఇదే. సింగిల్ రేకు కింద ఏసీ వేయడం కరెంటు బిల్లును ఆకాశానికి కట్టడమే. పఫ్‌తో ఉన్న భయం నిప్పు. ఆ ఫోమ్ అంటుకుంటే వచ్చే పొగ విషం. ఆయిల్ పెయింటింగ్ నేర్పేవాళ్లు, టర్పెంటైన్ నిల్వ పెట్టేవాళ్లు రాక్‌వూల్, అంటే రాతి దూది నింపిన ప్యానెల్ అడగండి. బరువు, ధర కొంచెం ఎక్కువ, కానీ లోపలి దూది మండదు. ప్యానెళ్లు ఎక్కించాక ఆ చుట్టుపక్కల వెల్డింగు చేయనివ్వకండి. "ఒక చిన్న టాకా వేసి వచ్చేస్తా" అన్నా సరే.

పాలీకార్బొనేట్ లేదా ఫైబర్ షీటు వెలుతురు కోసం వేస్తుంటారు. డాబా తోటలకు బాగుంటుంది. బొమ్మల గదికి ఇది రెండు రకాల దెబ్బ. కింద ఉడికిపోతాం, రంగు తప్పుగా కనిపిస్తుంది. ఆకుపచ్చ షీటు కింద కూర్చుని ఒక పిల్ల మందార పువ్వుకు ఎరుపు కలుపుతుంటే అది మట్టి రంగులా కనిపిస్తుంది, ఇంకాస్త ఎరుపు, ఇంకాస్త ఎరుపు అంటూ పోస్తుంది. కిందికి తీసుకెళ్లి అమ్మకు చూపించేసరికి పువ్వు భగ్గుమంటుంది. తెల్ల షీటుతో ఈ బాధ తక్కువ, కానీ ఎండకు కొన్నేళ్లకు పసుపెక్కుతుంది. పైకప్పులో ఎక్కడో ఒక పట్టీగా కూడా నేను ఒప్పుకోను. వెలుతురు కిటికీల నుంచి తెచ్చుకోవాలి.

బెంగుళూరు పెంకు చూడముచ్చటగా ఉంటుంది. వాన చప్పుడు తక్కువ, కింద గాలి ఆడుతుంది. వాలు బాగా ఇవ్వాలి, అందుకు ఎత్తు పెరుగుతుంది. ఇక కోతులు. మీ కాలనీలో కోతుల మంద తిరుగుతుంటే పెంకు మాట మర్చిపోండి.

ఆర్‌సీసీ స్లాబ్ అంటే గట్టి గది. ఇంటి విలువ పెరుగుతుంది, దొంగల భయం లేదు, దాని మీద మళ్లీ ట్యాంకు పెట్టుకోవచ్చు. పునాది ఒప్పుకుంటే, అనుమతి దొరికితే, డబ్బు ఉంటే మంచిదే. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, "ఎంతైనా స్లాబు స్లాబే" అని. ఒక్క విషయం మాత్రం ముందే తెలుసుకోవాలి.

మధ్యాహ్నం వేడి, సాయంత్రం వేడి

ఇనుప రేకు ఎండ పడగానే కాలుతుంది, పొద్దు వాలగానే చల్లబడుతుంది. స్లాబు అలా కాదు. పొద్దున్నుంచి వేడిని తాగుతూ ఉంటుంది, నాలుగైదు గంటల తర్వాత కిందికి వదలడం మొదలుపెడుతుంది. రోహిణి కార్తెలో పై అంతస్తులో పడుకున్న ఎవరినైనా అడగండి, రాత్రి పదింటికి ఫ్యాను వేస్తే వడగాలే వస్తుంది. మీ సాయంత్రం క్లాసు ఐదు నుంచి ఏడు దాకా అనుకుంటే, వట్టి స్లాబు కింద సరిగ్గా ఆ వేళకే వేడి దిగుతుంది. అదే స్లాబు పొద్దున ఏడు నుంచి పదకొండు దాకా చల్లగా, హాయిగా ఉంటుంది.

కాబట్టి ఆదివారం పొద్దుటి క్లాసులకు స్లాబు గది బాగుంటుంది. సాయంత్రాలకు మంచి పఫ్ ప్యానెల్ గది, కిటికీలు తెరిచి పెడితే, స్లాబు కంటే సుఖం. సమ్మర్ క్యాంపు పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా నడిపేవాళ్లకు సింగిల్ రేకు పనికిరాదు, మిగతా రెండూ నడుస్తాయి. మధ్యాహ్నం మూడింటికి క్యాంపు పెట్టాలనుకుంటే ఏ పైకప్పూ ఒంటరిగా గట్టెక్కించదు. కూలరో, ఏసీయో కావాల్సిందే. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల పొడి వేడికి కూలరు బాగానే పనిచేస్తుంది. విజయవాడ, విశాఖల ఉక్కపోతలో అదే కూలరు చెమటను పెంచుతుంది తప్ప తగ్గించదు.

స్లాబు వేసేవాళ్లు దాని మీద తెల్ల పూత వేయించండి. సున్నం కొట్టినా చాలు, ఒకటి రెండు వానాకాలాల తర్వాత మళ్లీ కొట్టుకోవాలి. తెల్ల చైనా మొజాయిక్ ముక్కలు పరిపిస్తే ఎక్కువ కాలం నిలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చి, 600 గజాలు దాటిన స్థలాల్లో కట్టే ఇళ్లకు ఇలాంటి పైకప్పును తప్పనిసరి చేసింది. చిన్న ఇళ్లకు మన ఇష్టం. రేకులకైనా సరే, తెలుపో లేత రంగో తీసుకోండి. ఇటుక ఎరుపు, ముదురు నీలం కిందనుంచి చూడటానికి అందంగానే ఉంటాయి, లోపల కూర్చునేది మీరు.

ఉత్తరం వెలుతురు మన దగ్గర ఎలా ఉంటుంది

బొమ్మలు వేసేవాళ్ల పుస్తకాలన్నీ ఉత్తరం వైపు కిటికీ పెట్టమంటాయి. నేరుగా ఎండ పడదు, నీడలు కదలవు, రోజంతా ఒకే తీరు వెలుతురు ఉంటుంది అని. ఆ పుస్తకాలు యూరప్‌లో కూర్చుని రాసినవి. మన దగ్గర లెక్క కొంచెం వేరు. హైదరాబాద్ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఏటా మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. నీడ లేని రోజు అని టీవీలో చూపిస్తుంటారు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరం వైపే ఉంటాడు. ఇంకా ముందునుంచే, అంటే మార్చి ఆఖరు నుంచి సెప్టెంబరు దాకా, పొద్దు ఈశాన్యం వైపు జరిగి పొడుస్తుంది, వాయవ్యం వైపు జరిగి కుంకుతుంది. అంటే సమ్మర్ క్యాంపు రోజుల్లోనే మీ ఉత్తరం కిటికీలోకి పొద్దున్నే, సాయంత్రం ఏటవాలుగా ఎండ వస్తుంది.

దీనికి విరుగుడు సులువే. మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరానికి వాలేది బాగా ఎక్కువంటే ఆరు డిగ్రీలు, దానికి కిటికీ పైన రెండడుగుల చజ్జా చాలు. పొద్దుటి, సాయంత్రపు ఎండకు చజ్జా పనికిరాదు. కిటికీకి రెండు పక్కలా నిలువుగా అడుగున్నర బయటికి వచ్చేలా బోర్డో, సన్నని గోడో పెట్టాలి. అదీ కాకపోతే తెల్లని పలుచని పరదా.

ఈ లెక్కన నాకు నచ్చిన ఆకారం ఒకవైపు వాలిన పైకప్పు. ఉత్తరం గోడ పన్నెండు అడుగులు, దక్షిణం గోడ ఎనిమిదిన్నర. ఎత్తైన ఉత్తరం గోడకు పై భాగంలో వరసగా కిటికీలు పెడితే వెలుతురు పిల్లల తలల మీదుగా దిగుతుంది, ఎవరి చెయ్యి నీడ వాళ్ల కాగితం మీద పడదు. దక్షిణానికి వాలిన కప్పు సోలార్ ప్యానెళ్లకు కూడా అనువు. వాటి బరువు ఫ్రేములో ముందే లెక్క వేయించాలి, అంతే. స్లాబు గది అయితే ఈ వాలు పెట్టడం కష్టం, కిటికీలు పెద్దవి చేసుకోవాలి.

వాస్తు చూసేవాళ్లు ఇంట్లో ఉంటే ఈసారి గొడవ తక్కువే. నైరుతిలో బరువు, ఈశాన్యం ఖాళీ అంటారు కదా. గదిని నైరుతి వైపు జరిపి, ఉత్తరం, తూర్పు కిటికీలు తెరిస్తే వెలుతురుకూ అదే మంచిది. పడమటి ఎండ కొట్టే గోడకు కిటికీ పెట్టకుండా కాగితాలు, కాన్వాసులు పెట్టుకునే బీరువాలు వరసగా పెట్టేయండి, వేడిని అవి కాస్త ఆపుతాయి. చిక్కల్లా ట్యాంకుతో. అదీ నైరుతిలోనే ఉంటుంది. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు. దాన్ని జరపాలంటే ఎక్కడికన్నది కూడా ఇంజినీరే చెప్పాలి.

సాయంత్రం క్లాసులకు లైట్లు ముఖ్యం. షాపులో ఇచ్చే మామూలు తెల్ల ట్యూబులైటు కింద ఎరుపులు, చర్మం రంగులు పాలిపోయి కనిపిస్తాయి. పెట్టె మీద సీఆర్ఐ (రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90, లేదా అంతకు మించి ఉన్నది, వెలుతురు రంగు 4000 నుంచి 5000 కెల్విన్ మధ్య ఉన్నది తీసుకోండి. ధర కొంచెం ఎక్కువ. గది మొత్తానికి నాలుగైదు లైట్లే కదా.

డాబా అంతా కప్పేయకండి

ఇది నా గట్టి అభిప్రాయం. 900 అడుగుల డాబా ఉంటే 300, 350 అడుగులు గది వేసి మిగతాది వదిలేయండి. షెడ్డు వేసేవాళ్లు "ఎలాగూ వేస్తున్నారు, మొత్తం వేసేద్దాం" అంటారు. పెద్ద కప్పు చుట్టూ గాలి ఆడదు, బట్టలు ఆరేసుకునే చోటు పోతుంది, గాలివాన వచ్చినప్పుడు పెద్ద రేకుల కప్పు తెరచాపలా లేస్తుంది.

నేర్పే కళను బట్టి కూడా ఖాళీ కావాలి. శ్రీకాళహస్తి కలంకారీ నేర్పాలంటే గుడ్డను కరక్కాయ, గేదె పాలలో నానబెట్టి ఎండలో ఆరబెట్టాలి. ఆ పాల వాసన మూసిన గదిలో ఎవరూ భరించలేరు. మళ్లీ మళ్లీ ఉతకాలి, అంటే నీళ్లు, తూము కావాలి. చేర్యాల నకాషీ నేర్పేవాళ్లు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసి ఆరబెడతారు. వాళ్లకూ ఎండ కావాలి. వాటర్ కలర్‌కు ఇది తలకిందులు. మే నెలలో ఎండ తగిలే చోట కాగితం మీద నీలం పూత పరుస్తుంటే కుంచె ఆ చివరికి చేరేలోపు ఈ చివర ఆరిపోయి గీత పడుతుంది. గది వాళ్లకు కావాలి. మట్టి బొమ్మలైతే సరే, కొలిమి మాత్రం పైకి ఎక్కించకండి, బరువూ నిప్పూ రెండూ నేల మీదే ఉండాలి.

ఎంతమంది పడతారన్నది కూడా ఇక్కడే చూసుకోండి. ఈజిల్ (బొమ్మ నిలబెట్టే స్టాండు) పెట్టుకుని నిలబడి వేసేవాళ్లకు ఒక్కొక్కరికి పాతిక, ముప్పై చదరపు అడుగులు కావాలి. చాప మీద కూర్చుని ప్యాడు పెట్టుకునే పిల్లలకు పన్నెండు చాలు. 300 అడుగుల గదిలో బీరువాలు, సింకు పోగా ఏడెనిమిది ఈజిళ్లు, లేదా పద్దెనిమిది మంది చిన్నపిల్లలు. అంతకంటే ఎక్కువమందిని కూర్చోబెడితే నేర్పడం కుదరదు, కాపలా కాయడమే.

సింకు కింద ఒక బకెట్టు అమర్చి, రంగు నీళ్లు అందులో తేరిన తర్వాతే పైపులోకి పోయేలా పెట్టించండి. యాక్రిలిక్, ప్లాస్టర్ అడుగున పేరుకుని పైపు మూసుకుపోతే కింది పోర్షను బాత్రూములోంచి తన్నుకొస్తుంది. టాయిలెట్ పైనే ఉంటే మంచిది, లేకపోతే గంటకోసారి ఎవరో ఒక పిల్లవాడు మీ పడగ్గది మీదుగా వెళ్తుంటాడు. అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి. అవి తమంతట తామే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి బయట ఆరేయాలి, లేదా నీళ్లున్న మూత డబ్బాలో వేయాలి.

పిట్టగోడ పాత ఇళ్లలో మూడడుగులే ఉంటుంది. పిల్లలు వస్తున్నారంటే నాలుగడుగులకు మించి పెంచండి, ఇటుకతో కాకుండా ఇనుప గ్రిల్లుతో. దాని దగ్గర కుర్చీ, పూలకుండీ, ఎక్కడానికి వీలైనదేదీ ఉంచకండి. మెట్లు ఇంటి లోపలినుంచి ఉంటే తల్లిదండ్రులు, పిల్లలు రోజూ మీ హాల్లోంచే నడుస్తారు. బయటి మెట్లు లేని ఇంటికి ఈ ఆలోచన మొత్తాన్ని ఇంకోసారి చూసుకోమంటాను.

గాలి, అనుమతి, కరెంటు

2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో రేకులు ఎలా ఎగిరాయో చూసినవాళ్లకు కొత్తగా చెప్పాల్సింది లేదు. ఐఎస్ 875 మూడో భాగం లెక్కల్లో హైదరాబాద్‌కు గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, విజయవాడ, విశాఖలకు 50. గాలి కప్పును కిందికి నొక్కడం కంటే పైకి పీకుతుంది. తేలిక కప్పు వేసేటప్పుడు స్క్రూలు దగ్గరదగ్గరగా, ముఖ్యంగా అంచుల్లో, రబ్బరు వాషరుతో పడాలి. ఫ్రేము కింద దూలాలకు గట్టిగా కట్టుకుని ఉండాలి. తీరప్రాంతంలో ఇనుప పైపుకు గాల్వనైజ్డ్ రకమే తీసుకోండి, పెయింటు మీద ఉప్పు గాలికి నమ్మకం లేదు. బరువైన స్లాబుకు ఈ బెంగ ఉండదు. విశాఖ వాళ్లు పునాది ఒప్పుకుంటే స్లాబు వైపు మొగ్గడంలో అర్థముంది.

"రేకులకు పర్మిషన్ అక్కర్లేదు" అని అందరూ అంటారు. ఎండకు నాలుగు స్తంభాలు పాతి నీడ వేసుకోవడం వేరు, గోడలు కట్టి, తలుపు పెట్టి, ఫీజు తీసుకుని క్లాసులు నడపడం వేరు. భవన నిర్మాణ నిబంధనలు, అంటే తెలంగాణలో 2012 నాటి జీవో 168, ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటి జీవో 119, వాటికి వచ్చిన సవరణలు చూసి మీ స్థలంలో ఇంకో అంతస్తుకు వీలుందో లేదో లైసెన్సు ఉన్న ఆర్కిటెక్టు చెబుతారు. అనుమతి లేని పెంట్‌హౌసుకు నోటీసు రావడానికి పక్కింటివాళ్ల ఒక్క ఫిర్యాదు చాలు. ఇరవై సైకిళ్లు, పది స్కూటీలు రోజూ వాళ్ల గేటు ముందు ఆగితే ఆ ఫిర్యాదు రావడానికి ఎక్కువ రోజులు పట్టదు. ఇంటి మీటరు ఎల్‌టీ-1 కేటగిరీ, వ్యాపారానిది ఎల్‌టీ-2. బోర్డు పెట్టి నడిపేటప్పుడు మీది దేనికిందికి వస్తుందో కరెంటు ఆఫీసులో, ఇంటి పన్ను మారుతుందేమో మున్సిపాలిటీలో ముందే అడగండి.

ఇంతకీ ఎవరికి ఏది?

సొంత డాబా ఇల్లు, సాయంత్రం క్లాసులు, వేసవిలో పొద్దుటి క్యాంపు: 50 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెల్ లేదా రాక్‌వూల్, ఇనుప ఫ్రేము, ఏఏసీ గోడలు, ఉత్తరానికి ఎత్తు. పదిమందిలో ఎనిమిది మందికి నేను చెప్పేది ఇదే. ఇంకో అంతస్తుకు డిజైనూ, అనుమతీ రెండూ ఉండి, రేపు పిల్లలకు గదిగా కూడా పనికొస్తుందనుకుంటే స్లాబు వేయండి. పైన తెల్ల పూత మర్చిపోకండి. క్లాసు నడుస్తుందో లేదో ఇంకా తెలియదు, చేతిలో డబ్బు తక్కువ అంటారా? ఇప్పటికే ఉన్న మెట్ల గదిని ఆనుకుని ఒక ఏడాదికి పది అడుగుల సింగిల్ రేకు నీడ వేసి, పక్కలకు వెదురు తడకలు కట్టి, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నడిపి చూడండి. తర్వాత ఆ ఫ్రేము మీదే ప్యానెల్ ఎక్కించుకోవచ్చు, కాకపోతే స్తంభాలు ఆ బరువుకూ గాలికీ మొదట్లోనే వేయించి ఉండాలి.

కొటేషన్లు తీసుకునేటప్పుడు అడుగు రేటు ఒక్కటే పోల్చితే మోసపోతాం. రేకు మందం 0.35 మిల్లీమీటర్లా, 0.5 మిల్లీమీటర్లా అని కాగితం మీద రాయించండి. పైపు గోడ మందం, మొత్తం ఎన్ని కిలోల ఇనుము పడుతుంది అన్నది రాయించండి. ఇద్దరి రేట్లలో తేడా చాలావరకు అక్కడే దాగి ఉంటుంది. క్రేను, మెట్ల మీదుగా మోత కూలీ, నీళ్లు పోయే గట్టర్లు, అంచు పట్టీలు రేటులో ఉన్నాయో లేదో అడగండి. పని దసరా తర్వాత మొదలుపెడితే హైదరాబాద్‌లో సంక్రాంతికల్లా అయిపోతుంది. కోస్తాలో అక్టోబరు, నవంబరు తుపాన్లు చూసుకుని డిసెంబరులో మొదలుపెట్టడం మేలు. ఆఖరి విడత డబ్బులో పదో వంతు ఆపి, మొదటి పెద్ద వాన పడి, గోడకూ కప్పుకూ మధ్య, స్తంభాల అడుగున తేమ లేదని చూసుకున్నాకే ఇస్తామని ఒప్పందంలోనే రాయించుకోండి. చలికాలంలో పూర్తయిన పనికి ఆ వాన జూన్ దాకా రాకపోవచ్చు, కాబట్టి ఈ మాటకు అతను మొహం చిట్లిస్తాడు. అప్పుడు పైపు పెట్టి కప్పు మీద గంటసేపు నీళ్లు కొట్టి చూపించమనండి.